పాత డీజిల్ బండికి ఇంజెక్టర్లు మార్చాలంటే: విప్పకముందు చూడాల్సినవి, విప్పాక తప్పించుకోలేనివి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 2009 మోడల్ కామన్ రైల్ డీజిల్ బండి (పంపు అధిక పీడనంతో నింపే ఒకే గొట్టం, అంటే రైల్, నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ అందే రకం), నాలుగు సిలిండర్లు, దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ స్టార్ట్ కావడం లేదు. స్టార్ట్ అయ్యాక కాసేపు తెల్లపొగ, ఐడిల్‌లో వణుకు, మైలేజ్ కూడా పడిపోయింది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చేయాలని మెకానిక్ అంటున్నారు. నిజంగా నాలుగూ మార్చాలా, పానాల సెట్టు ఉంది కాబట్టి మీరే మార్చుకోవచ్చా, కొత్తవి కొనాలా, రీకండిషన్ చేసినవి (పాతవే బాగుచేసినవి) సరిపోతాయా అన్నవి మీ సందేహాలు.

మీరే మార్చుకోవచ్చు. కానీ ఇంకా ఆ దశ రాలేదు. ఇంజెక్టర్‌ని విప్పకుండానే అది బాగుందో లేదో చాలావరకు తేల్చే పరీక్ష ఒకటుంది, అది జరిగినట్టు మీరు ఎక్కడా రాయలేదు. రెండో మాట, ఈ పనిలో కష్టం కొత్త ఇంజెక్టర్ పెట్టడంలో లేదు. పాతదాన్ని ఊడదీయడంలో ఉంది, అది కూర్చున్న రంధ్రాన్ని అడుగుదాకా శుభ్రం చేయడంలో ఉంది. కొత్తవి వేసిన కొద్ది నెలలకే మళ్లీ అదే గోలతో వచ్చే బండ్లలో నేను చూసినంతవరకు సామాను మంచిదే ఉంటుంది, అడుగున ఇంజెక్టర్ ఆనుకునే సీటు మాత్రం మురికిగా ఉంటుంది. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం ఆ రెండు విషయాలకే పోతుంది.

ముందు తక్కువ ఖర్చు అనుమానాలు తీర్చుకోండి. చల్లని ఇంజన్ లేటుగా స్టార్ట్ అవుతోందంటే బ్యాటరీ బలహీనమై ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండొచ్చు, స్టార్టింగ్‌కి సిలిండర్‌ని వేడిచేసే హీటర్ ప్లగ్గులు పోయి ఉండొచ్చు, డీజిల్ ఫిల్టర్ పూడుకుపోయి ఉండొచ్చు, ట్యాంకు నుంచి వచ్చే పైపులో ఎక్కడో గాలి లాగుతుండొచ్చు. గాలి సంగతి తేల్చడానికి ఫిల్టర్ దగ్గర ఒక పారదర్శకమైన పైపు ముక్క వేసి, సెల్ఫ్ కొడుతూ అందులో బుడగలు వస్తున్నాయేమో చూస్తే చాలు. హీటర్ ప్లగ్గులని మల్టీమీటర్‌తో చూడండి. మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తుంది, కాలిపోయినది అసలు కనెక్షనే చూపించదు. ఇవన్నీ కలిపి ఒక పూట పని. ఇవి చూడకుండా ఇంజెక్టర్ల మీదికి వెళ్లకండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. అప్పుడు అసలు పరీక్ష, రిటర్న్ పరీక్ష. అది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే ఇంజెక్టర్ లోపల జరిగేది కాస్త తెలియాలి. కామన్ రైల్ ఇంజెక్టర్‌లో నాజిల్ సూదిని కరెంటు నేరుగా ఎత్తదు. సూది పైన ఒక చిన్న గదిలో అధిక పీడనంతో డీజిల్ నిండి ఉంటుంది, సూదిని కిందకి అదిమిపెట్టేది ఆ డీజిలే. కాయిల్‌కి కరెంటు అందగానే పైనున్న బుల్లి వాల్వు తెరుచుకుని, ఆ గదిలోని డీజిల్ కొంచెం రిటర్న్ లైన్‌లోకి జారుతుంది. పైన పీడనం తగ్గుతుంది, కింది పీడనం సూదిని లేపుతుంది, డీజిల్ చిమ్ముతుంది. అంటే ప్రతి చిమ్ముడుకీ కొంత డీజిల్ వెనక్కి పోవడం సహజమే. ఆ వాల్వు సీటు గానీ, లోపలి కడ్డీ గానీ అరిగితే ఇంజెక్టర్ పనిచేయని సమయంలో కూడా డీజిల్ వెనక్కి కారుతూనే ఉంటుంది. అక్కడ సందులు మైక్రాన్లలో ఉంటాయి, వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు. కంటికి కనిపించని అరుగుదల చాలు లీకు కావడానికి.

ఈ లీకుకీ మీ స్టార్టింగ్ ట్రబుల్‌కీ నేరుగా సంబంధం ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు నెమ్మదిగా తిరుగుతుంది, అది ఇచ్చే డీజిల్ తక్కువ. రైల్‌లో పీడనం ఒక స్థాయికి, చాలా ఇంజన్లలో 150 నుంచి 250 బార్ దాకా, చేరితే గానీ ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఇంజెక్టర్లని తెరవదు. నాలుగింటిలో ఒక్కటి గట్టిగా కారుతున్నా పంపు నింపేది నింపినట్టే వెనక్కి పోతుంది. మీరు సెల్ఫ్ కొడుతూనే ఉంటారు, ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, పొగ కూడా రాదు. వేడెక్కాక స్టార్ట్ చేయడం ఇంకా కష్టమవుతుంటే రిటర్న్ లీకు మీద అనుమానం పెంచుకోండి, ఎందుకంటే వేడికి డీజిల్ పలచబడి ఇంకా తేలిగ్గా కారుతుంది.

పరీక్ష చేసే పద్ధతి తేలికే. ఇంజెక్టర్ల తలల మీద ఉండే సన్నని రిటర్న్ పైపులు తీసి, ఒక్కోదానికీ ఒకే పొడవున్న పారదర్శకమైన గొట్టం తగిలించి, ఒక్కో గొట్టాన్ని ఒక్కో కొలత సీసాలో పెట్టండి. తీసేసిన రిటర్న్ లైన్ చివర మూసేయండి, లేకపోతే పంపు నుంచీ రైల్ నుంచీ వచ్చే డీజిల్ అంతా ఇంజన్ మీద పోస్తుంది. ఇంజన్ ఐడిల్‌లో కొన్ని నిమిషాలు నడిపి సీసాలు పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగూ దాదాపు సమానంగా ఉంటే, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు దాటకపోతే, ఇంజెక్టర్ల వైపు రిటర్న్ లీకు లేదు. ఒక్కటి మిగతావాటికి రెండు మూడు రెట్లు నిండితే దొంగ దొరికినట్టే. ఇంజన్ స్టార్టే కాకపోతే, ఇంజెక్టర్లకి కరెంటు అందించే కప్లర్లు పీకేసి సెల్ఫ్ కొట్టి చూడండి. వాల్వులు మూసుకునే ఉంటాయి కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఇంజెక్టర్ నుంచి దాదాపు ఏమీ రాకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నేను చెప్పింది కాయిల్ ఉన్న ఇంజెక్టర్ల గురించి. మీ ఇంజన్‌లో పీజో ఇంజెక్టర్లు (కాయిల్ బదులు కరెంటుకి సాగే స్ఫటికంతో పనిచేసేవి) ఉంటే ఈ సీసాల పద్ధతి వద్దు. వాటిలో చాలా రకాలకి రిటర్న్ లైన్‌లో కూడా కొంత పీడనం నిలిచి ఉండాలి, తెరిచి వదిలేస్తే సరిగ్గా పనిచేయవు. ఇంజన్ నడుస్తుండగా పీజో కప్లర్ మాత్రం ఎప్పుడూ పీకకండి. తెరుచుకున్న క్షణంలో తీగ తెగితే అది తెరిచే ఉండిపోవచ్చు, డీజిల్ ధారగా సిలిండర్లో పడుతుంది.

ఈసీయూని చదివే స్కానర్ ఉంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. ఐడిల్‌లో ప్రతి సిలిండర్‌కీ ఈసీయూ ఎంత డీజిల్ కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో కరెక్షన్ విలువల్లో కనిపిస్తుంది. సున్నాకి దగ్గరగా ఉంటే మంచిది. ఒక సిలిండర్‌కి గట్టి ప్లస్ కనిపిస్తే ఆ సిలిండర్ బలహీనంగా ఉందనీ, దానికి ఎక్కువ డీజిల్ పోసి లాక్కొస్తోందనీ అర్థం. తప్పు ఇంజెక్టర్‌దేనని మాత్రం కాదు. కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే పీడనం) పడిపోయిన సిలిండర్ కూడా అచ్చం ఇలాగే చూపిస్తుంది. ఈ ఒక్క అంకె చూసి ఇంజెక్టర్ మార్చి, తర్వాత వాల్వు కాలిపోయిందని తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. రెండు లక్షల కిలోమీటర్ల బండికి హీటర్ ప్లగ్ రంధ్రం నుంచి కంప్రెషన్ చూడనిదే ఇంజెక్టర్ల డబ్బు ఖర్చు పెట్టొద్దనేది నా మాట.

తెల్లపొగ గురించి ఒక ముక్క. కళ్లు మండేలా, పచ్చి డీజిల్ వాసనతో వస్తే కాలని డీజిల్ బయటికి పోతోందన్నమాట. నాజిల్ సన్నటి తుంపరగా చిమ్మాల్సింది చుక్కలుగా కారుస్తున్నా అలాగే వస్తుంది. అలా కారే నాజిల్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. అది పిస్టన్ తలని కరిగించగలదు, సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరని కడిగేయగలదు. ఈ రోజే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం గీత దాటి పెరిగినా, డీజిల్ వాసన వస్తున్నా బండి నడపడం ఆపండి. సిలిండర్లోకి కారిన డీజిల్ కిందకి దిగి ఆయిల్‌లో కలుస్తోంది. బేరింగులు పోవడం ఒక ప్రమాదమైతే, ఆ పలచని ఆయిల్‌నే ఇంజన్ పీల్చుకుని తాళం తీసినా ఆగకుండా రేసుకి పోవడం ఇంకో ప్రమాదం.

ఇక నాలుగూ మార్చాలా అన్న ప్రశ్న. పరీక్షలో ఒకటి చెడి, మూడు బాగున్నట్టు తేలితే ఒక్కటే మార్చండి. "సెట్టుగా మార్చాలి" అన్నది టైర్లకి నప్పే మాట. ఇంజెక్టర్లు ఒక్కోటి ఒక్కో కొలత మీద పనిచేస్తాయి, ఆ తేడాని సరిదిద్దడానికి ఈసీయూలో ఏర్పాటు ఉంది. బాగా పనిచేస్తున్నదాన్ని పీకితే అది ఇరుక్కోవడం, దాన్ని అదిమిపట్టే క్లాంప్ బోల్టు తెగడం లాంటి కొత్త కష్టాలు కోరి తెచ్చుకున్నట్టు. అలాగని ఒకటి పూర్తిగా పోయి మిగతా మూడూ హద్దు దగ్గర తచ్చాడుతుంటే మాత్రం మళ్లీ మళ్లీ విప్పే బదులు నాలుగూ ఒకేసారి చేయించడమే మేలు.

ఒక ఇంజెక్టర్ ఎందుకు పోయిందన్నది మాత్రం వదలకుండా అడగండి. వయసు మీద అరిగితే సరే. నీళ్లు చేరి తుప్పు పట్టినా, కల్తీ డీజిల్‌తో జిడ్డు గుణం తగ్గి అరిగినా కారణం ఇంకా ట్యాంకులోనే ఉంది. పాత ఫిల్టర్‌ని కోసి, ఆ కాగితం మడతల్ని వెలుతురులో విప్పి చూడండి. నల్లటి మడ్డి ఉంటే భయపడక్కర్లేదు. వెండి పొడిలా మెరిసే లోహపు రేణువులు కనిపిస్తే, లేదా పంపులోకి వెళ్లే డీజిల్‌ని నియంత్రించే మీటరింగ్ వాల్వు జాలీలో అవి తగిలితే, హైప్రెషర్ పంపు తన్ను తానే తినేస్తోందని అర్థం. అప్పుడు ఇంజెక్టర్ ఒక్కటి మార్చడం దండగ. పంపు, రైల్, పైపులు, ట్యాంకు శుభ్రం, అన్నీ కలిసిన పని అది. కొత్త ఇంజెక్టర్లు వేస్తే ఆ లోహపు పొడి వాటినీ మింగేస్తుంది.

కొత్తవా, రీకండిషన్ చేసినవా అంటే టెస్ట్ బెంచ్ రిపోర్ట్ చూపించే చోట చేసిన రీకండిషన్ నాకు ఇష్టమే. రిపోర్ట్‌లో లీకు, ఫుల్ లోడ్, మధ్య లోడ్, ఐడిల్, పైలట్ ఇంజెక్షన్ (అసలు చిమ్ముడుకి ముందు వచ్చే చిన్న చిమ్ముడు) దశల్లో డెలివరీ విడివిడిగా రాసి ఉండాలి. వాటి పక్కనే కంపెనీ హద్దులు కూడా ఉండాలి. పైలట్ అంకెని ప్రత్యేకంగా చూడండి. ఐడిల్‌లో టకటక శబ్దం రాకుండా చూసేది ఆ చిన్న చిమ్ముడే, అరిగిన ఇంజెక్టర్లు ముందుగా తప్పేది కూడా అక్కడే. నాజిల్ మాత్రం మార్చి, వాల్వు ముట్టుకోకుండా, పైన రంగు వేసి ఇచ్చేవి వద్దు. మరీ చవగ్గా దొరికే కొత్త నకళ్లు అంతకన్నా వద్దు. డీజిల్‌లో పోసే క్లీనర్ సీసాలు నాజిల్ చివర పేరుకున్న మడ్డిని కొంత కరిగించగలవేమో గానీ, అరిగిన లోహాన్ని తిరిగి పూడ్చలేవు.

విప్పడానికి ముందు ప్రాణాలకి సంబంధించిన మాట. పాత మెకానికల్ పంపు ఇంజన్లలో, ఏ సిలిండర్ మిస్ అవుతోందో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసేవాళ్లు. ఆ అలవాటు కామన్ రైల్ మీద చూపించకూడదు. రైల్‌లో ఐడిల్‌లోనే 250 నుంచి 350 బార్ ఉంటుంది, లోడ్ మీద మీ తరం ఇంజన్లలో 1600 బార్, అంతకు మించి కూడా ఉంటుంది. ఆ పీడనంతో సన్నగా చిమ్మే డీజిల్ చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండ కుళ్లడం మొదలవుతుంది. అలా జరిగితే కడుక్కుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, అధిక పీడనంతో డీజిల్ లోపలికి దిగిందని స్పష్టంగా చెప్పాలి. అది ఆపరేషన్ దాకా వెళ్లే అత్యవసర విషయం. కాబట్టి ఇంజన్ ఆపాక కనీసం పది నిమిషాలు ఆగండి. స్కానర్ ఉంటే రైల్ పీడనం సున్నాకి దిగిందని చూసుకుని, బ్యాటరీ టెర్మినల్ తీసి, అప్పుడు మొదటి నట్టు ముట్టుకోండి. ఇంజన్ నడిచేటప్పుడు ఇంజెక్టర్ కప్లర్లలో షాక్ కొట్టేంత వోల్టేజ్ ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి.

తర్వాత శుభ్రత. ఒక్క నట్టు తిప్పకముందే ఇంజెక్టర్ల చుట్టూ ఉన్న దుమ్ము, ఇసుక, జిడ్డు బ్రష్‌తో గీకి, వాక్యూమ్‌తో పీల్చేయండి. గాలితో ఊదితే ఆ ఇసుకే తిరిగి తిరిగి వచ్చి పడుతుంది. నాజిల్ రంధ్రాలు మిల్లీమీటరులో ఏడో ఎనిమిదో వంతు ఉంటాయి, వాల్వు సందులు ఇంకా సన్నం. ఒక్క ఇసుక రేణువు కొత్త ఇంజెక్టర్‌ని మొదటి రోజే పాడుచేయగలదు. పైపు విప్పిన మరుక్షణం రెండు చివర్లకీ ప్లాస్టిక్ మూతలు పెట్టండి. నూలు రాలే గుడ్డలు, కాటన్ వేస్టు ఆ చుట్టుపక్కల కనిపించకూడదు.

పైపు నట్టు విప్పేటప్పుడు ఇంజెక్టర్ వైపు ఉన్న హెక్స్‌ని రెండో పానాతో పట్టుకోండి, లేకపోతే నట్టుతో పాటు అదీ తిరిగి వదులైపోతుంది. పాత బండ్లలో రిటర్న్ పైపుల ప్లాస్టిక్ టీలు, క్లిప్పులు పెళుసెక్కి చేతిలోనే విరుగుతాయి. ముందే కొత్తవి తెచ్చిపెట్టుకోండి. తీసిన ప్రతి ఇంజెక్టర్ మీదా అది ఏ సిలిండర్‌దో రాయండి.

ఇక ఊడదీయడం. క్లాంప్ బోల్టు తీశాక ఇంజెక్టర్ చేతికి వచ్చేస్తే మీరు అదృష్టవంతులు. రెండు లక్షల కిలోమీటర్ల ఇంజన్‌లో మామూలుగా రాదు. కింది రాగి వాషర్ దగ్గర కొద్దికొద్దిగా కారిన మంట వాయువులు నల్లటి తారులాంటి కార్బన్‌ని ఆ రంధ్రం నిండా పేర్చి ఉంటాయి, అది గట్టిపడి రాయిలా తయారవుతుంది. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వండి. మర్నాడు ఇంజన్ కాస్త వెచ్చబడ్డాక ఇంజెక్టర్ ఒంటి మీద పానా పట్టే చదును ఉంటే, దాంతో కొద్దిగా కుడికీ కొద్దిగా ఎడమకీ కదపండి. ఒకేసారి బలం పెట్టి తిప్పొద్దు. కొద్దికొద్దిగా కదులుతూ, మధ్యమధ్య నూనె పోస్తూ ఉంటే కార్బన్ పొడి అవుతుంది, కదలిక పెరుగుతుంది. స్క్రూడ్రైవర్ కాయిల్ కింద పెట్టి ఎత్తకండి, పైపు తగిలించే చోట సుత్తితో కొట్టకండి. అప్పటికీ రాకపోతే స్లైడ్ హామర్ పుల్లర్ కావాలి. దాన్ని కాయిల్ తీసి ఆ మర మీద బిగిస్తారు కాబట్టి ఆ ఇంజెక్టర్ మళ్లీ పనికొస్తుందని ఆశ పెట్టుకోవద్దు. క్లాంప్ బోల్టు తిప్పేటప్పుడు జిగురులా సాగుతున్నట్టు చేతికి తెలిస్తే ఆగండి. అది తెగే ముందు చేసే సూచన. అక్కడ ఆగి పని తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లడం చౌక, తెగిన బోల్టుని హెడ్‌లోంచి డ్రిల్ చేసి తీయించడం కన్నా.

ఇంజెక్టర్ బయటికి వచ్చాక దాని కొనకున్న రాగి వాషర్ తీసి చేతిలో పట్టుకుని తిప్పి చూడండి. బాగా సీల్ అయిన వాషర్ మీద చుట్టూ సమానమైన మెరుపు ఉంగరం కనిపిస్తుంది. లీకైన వాషర్ మీద ఆ ఉంగరాన్ని తెంచుతూ లోపలి అంచు నుంచి బయటి అంచుకి నల్లటి గీత ఒకటి ఉంటుంది. మంట దారి చేసుకున్న చోటు అది. ఆ గీత ఏ దిక్కున ఉందో గుర్తుపెట్టుకుంటే సీటులో గుంట ఎక్కడ పడిందో కూడా తెలుస్తుంది. చల్లని ఇంజన్‌లో "చఫ్ చఫ్" శబ్దం, క్యాబిన్‌లోకి పొగవాసన ఉంటే కారణం ఇదే. అలాంటప్పుడు ఇంజెక్టర్ బాగానే ఉండి, కేవలం వాషర్, సీటు శుభ్రంతో పని అయిపోవచ్చు.

వాషర్ ఇంజెక్టర్‌తో రాలేదా? అది అడుగునే ఉండిపోయింది. టార్చి వేసి చూడండి, నల్లటి కార్బన్ పూసుకుని సీటులాగే కనిపిస్తుంది, చాలామంది అక్కడే పొరబడతారు. మధ్యలో చిన్న గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ కార్బన్ గీకితే బయటపడేది వెండి రంగు అయితే అది హెడ్, ఎర్రటి రాగి రంగు అయితే పాత వాషర్. కొక్కెంతో గానీ, మర ఎక్కించి లాగే పరికరంతో గానీ తీయండి. పాత వాషర్ మీదే కొత్తది పెడితే నాజిల్ పైకి లేచిపోతుంది, తుంపర పిస్టన్ గిన్నెలో పడాల్సిన చోట పడదు. పొగ, టకటక, నష్టం మళ్లీ మొదలు.

సీటు శుభ్రం దగ్గరే ఎక్కువ సమయం పెట్టండి. మొదట, సిలిండర్లోకి దిగే ఆ చిన్న రంధ్రాన్ని గ్రీజు అద్దిన దూది పుల్లతోనో తగిన బిరడాతోనో మూయండి. పక్క గోడల కార్బన్‌ని ఇత్తడి బ్రష్‌తో వదిలించి వాక్యూమ్ చేయండి. తర్వాత మీ ఇంజెక్టర్ వ్యాసానికి సరిపోయే సీటు కట్టర్ తీసుకుని, దాని పళ్లకి గ్రీజు పూసి, చేతితోనే తేలిగ్గా ఒక దిక్కుకే తిప్పండి. డ్రిల్ మిషన్‌కి తగిలించొద్దు. కొన్ని చుట్లు తిప్పి, తీసి, గ్రీజుతో వచ్చిన నలుపుని తుడిచి, మళ్లీ చూడండి. చుట్టూ తెగని మెరుపు ఉంగరం వచ్చేదాకా చేయాలి, అది రాగానే ఆపాలి. అల్యూమినియం హెడ్ మెత్తన, అవసరానికి మించి కోస్తే ఇంజెక్టర్ కిందకి దిగిపోతుంది. చివరికి బిరడా తీసి, నాలుగు ఇంజెక్టర్లూ బయటే ఉంటే, డీజిల్ సరఫరా ఆపి ఒకటి రెండు సార్లు సెల్ఫ్ కొడితే లోపల పడ్డ ముక్కలు కంప్రెషన్‌తో ఎగిరిపోతాయి. ఆ సమయంలో ఇంజన్ మీదకి వంగి చూడకండి.

పాత ఇంజెక్టర్‌నే మళ్లీ వాడుతుంటే నాజిల్ కొనని వైర్ బ్రష్‌తో రుద్దొద్దు, రంధ్రాల అంచులు పోతాయి.

బిగింపు తేలికే, వరుస తప్పకపోతే. వాషర్ ప్రతిసారీ కొత్తది, మందం పాతదానంతే ఉండాలి. ఒకే ఇంజెక్టర్ కుటుంబానికి కూడా 1.5, 2, 2.5, 3 మిల్లీమీటర్ల వాషర్లు దొరుకుతాయి, చూడ్డానికి అన్నీ ఒకటే. వెర్నియర్‌తో కొలవండి. వాషర్‌కీ, నాజిల్‌కీ గ్రీజు వద్దు. వేడిని తట్టుకునే సిరామిక్ పేస్టుని ఇంజెక్టర్ ఒంటికి మాత్రం పల్చగా పూస్తే, మళ్లీ విప్పాల్సిన రోజున అది కాపాడుతుంది. క్లాంప్ బోల్టు కొత్తది వేయండి. చాలా ఇంజన్లలో అది ఒకసారి సాగితే మళ్లీ పనికిరాని రకం, టార్క్ (బిగించే బలం) కూడా కొన్ని న్యూటన్ మీటర్లు, ఆపైన ఇన్ని డిగ్రీలు అని ఇస్తారు. ఆ అంకె మీ ఇంజన్ మాన్యువల్ నుంచే తీసుకోండి, ఇంకో ఇంజన్‌ది వాడొద్దు. ముందు క్లాంప్ వేలితో తాకేంత బిగించి, హైప్రెషర్ పైపు రెండు చివర్లా చేత్తో మర ఎక్కించండి. అప్పుడు ఇంజెక్టర్ తన దిక్కు తానే సర్దుకుంటుంది. తర్వాత క్లాంప్ టార్క్, ఆఖర్న పైపు నట్లు. పైపులు ముందు బిగిస్తే వంకరగా నిలిచిపోయి కొన్నాళ్లకి పగులుతాయి. పైపుల విషయంలో చాలా కంపెనీలు విప్పితే కొత్తవి వేయమనే అంటాయి. ఇంజెక్టర్ మారినప్పుడు ఆ సిలిండర్ పైపు మార్చడం నాకు న్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే పాత పైపు కొన పాత ఇంజెక్టర్ అచ్చుకే నొక్కుకుపోయి ఉంటుంది.

ఇంజెక్టర్ లోపల పెట్టకముందే దాని తల మీది కోడ్‌ని ఫోటో తీసుకోండి, బిగించాక అది కనిపించదు. బాష్ వాటిలో చాలావాటికి ఆరేడు అక్షరాల కోడ్, డెల్ఫీకి 16 లేదా 20 అక్షరాలు, డెన్సోకి ఇంకా పొడవైన కోడ్ ఉంటాయి. తయారీలో ఆ ఇంజెక్టర్ ఎంత ఎక్కువ తక్కువ చిమ్ముతుందో కొలిచి రాసిన సవరణ అది. స్కానర్‌తో ఆ సిలిండర్ ఎదురుగా నమోదు చేయాలి. చేయకపోయినా బండి నడుస్తుంది, కానీ టకటకా పొగా వచ్చి కొత్త ఇంజెక్టరే చెడ్డదన్న నింద పడుతుంది. సిలిండర్ల మధ్య ఇంజెక్టర్లు మార్చుకున్నా కోడ్లు కూడా మార్చాలి. రీకండిషన్ చేసినదానికి బెంచ్ మీద కొత్త కోడ్ ఇచ్చి ఉంటే పాతది కాదు, అదే వేయాలి.

స్టార్ట్ చేసేటప్పుడు తొందర వద్దు. కొత్త ఫిల్టర్ వేసి, చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉంటే తాళం ఆన్ చేసి ఆపి, అలా కొన్ని సార్లు చేయండి. ఫిల్టర్‌లో డబ్బాతో డీజిల్ పోసి నింపే అలవాటు మానుకోండి, మధ్య రంధ్రంలో పోసింది వడకట్టకుండా నేరుగా పంపుకి పోతుంది. సెల్ఫ్ ఒక్కోసారి పది సెకన్లకి మించకుండా కొట్టి, మధ్యలో నిమిషం ఆగండి. హైప్రెషర్ పంపుకి డీజిలే నూనె, ఎండుగా తిప్పితే అది అరుగుతుంది. మొదట్లో కాస్త మిస్ అవుతూ పొగ రావడం మామూలే, గాలి పోయాక సర్దుకుంటుంది.

స్టార్ట్ అయ్యాక పైపు నట్ల దగ్గర చెయ్యి పెట్టి లీకు వెతక్కండి. పొడవాటి అట్టముక్క అడ్డం పెట్టి చూడండి, తడి మచ్చ పడితే ఇంజన్ ఆపి, పది నిమిషాలు ఆగి, అప్పుడే ఆ నట్టు చూడండి. లీకు లేకపోతే వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచి, ఇంజెక్టర్ చుట్టూ నాలుగు చుక్కల సబ్బునీళ్లు వేయండి. బుడగలు వస్తే సీటు సరిగ్గా పడలేదు, క్లాంప్ ఇంకాస్త బిగించడంతో అది నయం కాదు, మళ్లీ విప్పి సీటు చూడాల్సిందే. తర్వాత ఒక చుట్టు తిప్పి తెచ్చి స్కానర్‌లో కరెక్షన్ విలువలు మళ్లీ చదవండి. ముందు రాసి పెట్టుకున్న అంకెల పక్కన పెడితే పని ఫలితం అక్కడే కనిపిస్తుంది. ఇంజెక్టర్ కారుతూ కొంతకాలం నడిచింది కాబట్టి ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కూడా ఇప్పుడే మార్చేయండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది హీటర్ ప్లగ్గులు, బ్యాటరీ చూసి, సీసాలతో రిటర్న్ పరీక్ష చేయడం. నాలుగు సీసాల్లో ఎంతెంత వచ్చిందో, స్కానర్‌లో కరెక్షన్ విలువలు ఏం చూపించాయో, ఇంజన్ నంబరుతో పాటు ఇక్కడ రాయండి. అవి చూశాక ఏ ఇంజెక్టర్ విప్పాలో, అసలు విప్పాలో వద్దో చెప్పగలను.